మా మేడం మృదుభాషిణి కాదు

కొత్త ఫ్లెక్సీకి ఒక వాసన ఉంటుంది. కిరోసిన్‌కూ కాలిన ప్లాస్టిక్‌కూ మధ్య ఎక్కడో ఉండే ఘాటు. ఎండ తగిలితే ఇంకా లేస్తుంది. మొన్న నల్లగొండలో నేను ఏడాది పాటు డిగ్రీ చదివిన మహిళా కళాశాల గేటు ముందు ఆటో దిగగానే ఆ వాసన ముక్కుకు కొట్టింది. తలెత్తి చూస్తే సుగుణ మేడం. గేటు కమ్మీలకు తాళ్ళతో బిగించిన ఫ్లెక్సీలో, దండ బొమ్మ మధ్యలో నవ్వుతున్నారు. ఒక్క క్షణం ఎవరో అనుకున్నాను. మేడంది నల్లరేగడి రంగు. ఫ్లెక్సీలో ఉన్నామె గోధుమపిండి రంగు. చెంప మీద మచ్చ లేదు, నెరిసిన పాపిట లేదు, ముందు పళ్ళ మధ్య సందు లేదు. కింద పెద్ద అక్షరాలతో రాశారు: 'మృదుభాషిణి, సౌమ్యమూర్తి, జంతుశాస్త్ర అధ్యాపకురాలు సుగుణ మేడం గారికి అశ్రునివాళి.'

నా చెవులు వేడెక్కాయి. మేడం గుండెపోటుతో పోయారన్న దుఃఖం అప్పటికి కొన్ని రోజులుగా నాతోనే ఉంది. ఈ కోపం మాత్రం అక్కడ పుట్టింది. మేడం మృదుభాషిణి కాదు. ఒక్కరోజు కూడా కాదు. ఆలేరులో రైలు పట్టాల పక్క ఇంట్లో పుట్టి, రైళ్ళ చప్పుడు మీదుగా అరిచి మాట్లాడటం అలవాటైన మనిషి. మేం చాటుగా ఆమెను రైలింజన్ అనేవాళ్ళం. కూలికి పోయే తల్లిదండ్రుల బిడ్డ, ఇంట్లో మొదటగా బడికి పోయిన మనిషి. మెత్తగా మాట్లాడి ఉంటే ఆమెకు ఎవరూ దారి ఇచ్చేవాళ్ళు కాదు. ఆమెను చూడనివాళ్ళు ఆ ఫ్లెక్సీ చదివి అదే నిజమనుకుంటారన్న మంటతో ఇది రాస్తున్నాను.

మాది మర్రిగూడ దిక్కు ఒక చిన్న ఊరు. బాపుకు గొర్లున్నాయి. వాన పడితే పత్తి, కంది. బోరునీళ్ళు తాగి పెరిగిన మా ఈడు పిల్లలందరికీ వచ్చినట్టే నాకూ పళ్ళు గోధుమరంగు చారలతో, అక్కడక్కడ గుంటలు పడి వచ్చాయి. ఊళ్ళో అది ఎవరికీ వింత కాదు. ఇంటర్ కోసం నల్లగొండ వచ్చాకే అవి 'గారపండ్లు' అయ్యాయి. హాస్టల్లో ఒక సీనియర్ నా చేతిలో ఇంత ఉప్పు పోసి, "పొద్దుగాల, మాపటికి మంచిగ రుద్దు, పోతది" అంది. చిగుళ్ళు చితికేదాకా రుద్దాను. పోలేదు. తర్వాత చున్నీ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని మాట్లాడటం నేర్చుకున్నాను. డాక్టరు కావాలన్న కోరికను కూడా ఆ కొంగు వెనకే దాచుకున్నాను. ఇంటర్ అయ్యాక నీట్ రాస్తే సీటు రాలేదు. నన్ను బీఎస్సీలో చేర్చి, "చదువుకుంటనే ఇంకోసారి రాయి బిడ్డా" అన్నాడు బాపు.

మొదటి వారంలోనే మేడం క్లాసులో అడిగారు: "చేపకు చెవులుంటయా?" అందరూ ఉండవన్నారు. నాకు తెలుసు. జిల్లా గ్రంథాలయంలో చదివాను. గొప్పలు చెప్పుకుంటున్నాననుకున్నా సరే, నా చదువులో సగం ఆ రీడింగ్ హాలుదే. అక్కడ ఎవరూ నాతో మాట్లాడరు గనుక మూతి దాచుకునే పని ఉండేది కాదు. జంతువుల మీద, నక్షత్రాల మీద, మన ఒంటి మీద తెలుగులో ఏ పుస్తకం దొరికితే అది చదివేదాన్ని. లేచి, కొంగు అడ్డం పెట్టుకుని, "లోపలి చెవులు ఉంటయి మేడం" అన్నాను.

"ఏమన్నవే? నోట్లె బెల్లంగడ్డ పెట్టుకున్నవా? మాకు పెట్టకుంట ఒక్కదానివే తింటున్నవా?"

క్లాసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది పక్కనున్న పుష్ప, రామన్నపేట పిల్ల. గంట కొట్టాక మేడం నన్ను స్టాఫ్ రూంకు రమ్మన్నారు.

"కోపమొచ్చిందా?"

"వచ్చింది మేడం."

"రానీ. ఆ చున్నీ ఏందో చెప్పు."

"మాది మర్రిగూడ దిక్కు మేడం."

ఆ మాట వినగానే ఎవరైనా 'అయ్యో' అంటారు. ఆ 'అయ్యో' కోసం నేను తల దించుకుని సిద్ధంగా ఉన్నాను. మేడం నా వంక సూటిగా చూసి, "అయితే?" అన్నారు.

"పండ్లు గిట్లుంటయి మేడం."

"అయితే?"

"అందరు చూస్తరు."

"చూడనీ. వాళ్ళకు కండ్లున్నయి చూస్తరు. నీకు నోరుంది, మాట్లాడు. గవి ఎందుకు గట్లయినయో ఎరికేనా?"

"నీళ్ళల్ల ఫ్లోరైడ్ మేడం."

"గది పేపరోళ్ళు గూడ రాస్తరు. పన్ను లోపట ఏమయిందో చెప్పు. తెల్వదా? తెలుసుకొనొచ్చి క్లాసుల చెప్పు. కొంగు లేకుంట."

గ్రంథాలయంలో వెతికాను. చిగురు చీల్చుకుని బయటికి రాకముందే, లోపల పంటి పైపూత తయారవుతున్నప్పుడే ఆ చారలు పడతాయట. అంటే నా పళ్ళు నేను తోమక పాడైనవి కావు. నేను వాటిని చూడకముందే, మా అమ్మ బిందెతో తెచ్చిన నీళ్ళు వాటిని రాసేశాయి. ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఉప్పు చేతిలో పోసిన సీనియర్ మీద, ఆ నీళ్ళు మంచివి కావని తెలిసీ ఏళ్ళ తరబడి మమ్మల్ని అవే తాగనిచ్చిన వాళ్ళ మీద, చిగుళ్ళు చితికేలా రుద్దిన నా వేలు మీద కూడా. క్లాసులో చెబుతుంటే రెండుసార్లు చెయ్యి దానంతటదే మూతి మీదికి పోయింది. రెండుసార్లూ మేడం డస్టర్‌తో బల్ల మీద కొట్టి "చెయ్యి" అన్నారు. చివరికి పుష్ప లేచి, "అయితే మా చెల్లెండ్లకు గూడ చిన్నప్పట్నుంచే మంచినీళ్ళు దొరకాలె గదనే" అంది. అప్పట్నుంచి పుష్పా నేనూ విడిపోలేదు.

ఆ ఏడాది నేను నవ్వినంతగా జన్మలో నవ్వలేదు. కాలేజీ బయట బజ్జీల బండి, గునుగుపూలతో పేర్చిన కాలేజీ బతుకమ్మ, పుష్ప వేసే వేషాలు. ఆదివారాలు మాత్రం నల్లగొండలోనే ఒక కోచింగ్ సెంటర్‌లో నీట్ నమూనా పరీక్షలు రాసేదాన్ని. పాఠాలకు కాదు, ఒక్క పరీక్షలకే. కాలేజీ డే నాటకంలో నాకు వేషం ఇస్తారని తెలిసి అక్కడి డైరెక్టర్ పిలిచాడు.

"ఆటలు పాటలు బంద్ చెయ్యి. కాలేజీకే పోకు. హాజరు సంగతి మనం చూసుకుందం. నీట్‌ల నోటితోని పని లేదమ్మా, జవాబుల కాగితం మీద గుండ్రాలు దిద్దుడే. నీ అసొంటోళ్ళకు అదే మంచిది."

'నీ అసొంటోళ్ళకు' అన్నప్పుడు అతని చూపు ఎక్కడుందో నాకు తెలుసు. మరునాడు మేడంకు చెప్పాను. చెప్పింది ఫిర్యాదుగా కాదు, నాటకం తప్పించుకుందామని. మేడం చేతిలో టీ గ్లాసు అలాగే ఆగింది.

"డాక్టరయినంక రోగికి ఏమయిందో చెప్పవా? వానితోని గుండ్రాలే దిద్దిపిస్తవా? నోరు లేని డాక్టరు పశువులకు గూడ పనికిరాదు. పో, పోయి పేరియ్యి."

"పరీక్ష దగ్గరికొచ్చింది మేడం."

"అయితే?"

అలా మా చదువు సాగింది. కోలాటం కాగానే చెమట ఆరకముందే మెట్ల మీద కూర్చోబెట్టి హార్మోన్లు అడిగేవారు. తప్పు చెబితే కోలలు లాక్కునేవారు. నాటకంలో నేను ప్రతి రోగానికీ ఒకటే గ్లూకోజు సీసా ఎక్కించే దొంగ డాక్టర్ని. పుష్ప పడుకునే రోగి. ఆ రోజు స్టేజీ మీద పుష్ప, "డాక్టరమ్మా, నాకేం కాలే, నేను కరెంటు బిల్లు అడుగనొచ్చిన" అని నాటకంలో లేని మాట అంది. నేను నోరంతా తెరిచి నవ్వాను. తెర పక్క నుంచి మేడం, "నవ్వకే, డైలాగు చెప్పు" అని అరుస్తున్నారు. ఎవరో ఆ క్షణాన్ని ఫోన్‌లో తీశారు.

మేడం మాటలు అందరికీ మందులా పనిచేశాయని చెప్పను. తగిలి పుండైన వాళ్ళూ ఉన్నారు. పుష్పను ఒకసారి ఎంత మాటన్నారంటే, అది రెండు రోజులు కాలేజీకి రాలేదు. మేడం వెళ్ళి పిలుచుకొచ్చారే గాని, తప్పయిందని మాత్రం అనలేదు. దాని మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ ఆమె కోపంలో జాలి కలవలేదు. జాలి పడేవాళ్ళు మనల్ని ఉన్నచోటే ఉంచి వెళ్ళిపోతారు. ఆమె ఉండనిచ్చేవారు కాదు.

నీట్ రోజు పరీక్ష కేంద్రం గేటు దగ్గర చున్నీలు తీసి బయట ఇచ్చి రమ్మన్నారు. బాపు చేతిలో పెట్టి లోపలికి వెళ్ళాను. సగం దూరం పోయాక గాని తోచలేదు, అది లేకుండా నడుస్తున్నానని. సీటు వచ్చింది, ప్రభుత్వ వైద్య కళాశాలలోనే.

ఆ వారమే గడియారం సెంటర్‌లో ఫ్లెక్సీ లేచింది. కోచింగ్ సెంటర్‌ది. వరుసగా ముఖాలు, 'మా విద్యాకుసుమాలు' అని. మూడో ముఖం నాది. వాళ్ళ ఆదివారం పరీక్షల హాల్ టికెట్ కోసం ఇచ్చిన ఫోటో అది, కొద్దిగా పళ్ళు కనబడేది. ఆ పళ్ళను ముత్యాల్లా తెల్లగా చేశారు. నేను, బాపు, పుష్ప, మేడం దాని కింద నిలబడ్డాం. బాపు మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా వెతికి, "నువ్వు యాడున్నవ్ బిడ్డా?" అన్నాడు.

వేలు చూపించాను. బాపు చాలాసేపు చూశాడు. "మంచిగనే చేసిండ్రు" అన్నాడు మెల్లగా. తన బిడ్డను పోల్చుకోలేకపోయిన మనిషి ఆ మాటన్నాడు. అన్నవాడిని ఏమనను? ఆ పళ్ళు వాళ్ళు తెల్లగా చేసినప్పుడు మా ఊరి బోరు కూడా తుడిచిపెట్టుకుపోయింది.

మేడం వైపు తిరిగాను. ఆమె అరుస్తారనుకున్నాను. "నా దిక్కు ఏం చూస్తవ్? మూతి నీది" అన్నారు. అంతే.

అక్కణ్ణుంచి నలుగురం నేరుగా కోచింగ్ సెంటర్‌కు పోయాం. ముందు గదిలో పిల్లల్ని కొత్తగా చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులు కుర్చీల నిండా ఉన్నారు. డైరెక్టర్ లేచి వచ్చి స్వీటు డబ్బా చాపాడు. నా చేతులు రెండూ పక్కనే ఉన్నాయి.

"సార్, నా పండ్లు గివి. గా ఫ్లెక్సీల ఉన్నయి నావి గావు."

"అమ్మా, మంచిగుండాలని చేయించినం. నీ మంచికే."

"నేను మీ దగ్గర పాఠం విన్నదాన్ని గూడ గాదు. ఆదివారం పరీక్ష రాసిన. చదువు చెప్పింది మా కాలేజీ. నా ముఖం ఉన్నదున్నట్టు పెట్టుండ్రి, లేకుంటె తీసెయ్యుండ్రి."

కుర్చీల్లో కదలిక మొదలైంది. అతను గొంతు తగ్గించి, "గీ పండ్లతోని పెడితె ఎవరన్న చేరుతరా, నువ్వే చెప్పు" అన్నాడు. అతని నోటి నుంచి వచ్చిన ఒకే ఒక్క నిజం అది. "అయితే తీసెయ్యుండ్రి" అన్నాను. వెనక తలుపు దగ్గర మేడం గొంతు సవరించుకున్నారు. అది విన్నాక అతను స్వీటు డబ్బా మూసి, ఫ్లెక్సీ కట్టినవాళ్ళకు ఫోన్ చేశాడు.

ఫ్లెక్సీ మొత్తం తీయలేదు. నా ముఖం మేరకు కోసేశారు. ఆ వానాకాలమంతా గడియారం సెంటర్‌లో విద్యాకుసుమాల మధ్య ఒక చదరపు కంత, అందులోంచి గాలి కొడుతూ ఉండేది. కోసిన ముక్కను బాపు పారేయనివ్వలేదు. "వానకు పనికొస్తది" అని మడిచి సంకలో పెట్టుకున్నాడు. గొర్రెపిల్లల గూడు మీద, బొమ్మ లోపలివైపు ఉండేటట్టు కప్పాడు. ఆ తెల్లటి పళ్ళను చాలాకాలం గొర్రెపిల్లలే చూశాయి.

ఇప్పుడు నేను ప్రభుత్వ దవాఖానలో పనిచేస్తున్నాను. మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని రోగం చెప్పే ఆడపిల్లలు వస్తుంటారు. చెయ్యి తీసేదాకా మందు రాయను. నా పళ్ళను కూడా నేను మార్పించుకోలేదు. వాటిని చూశాకే వాళ్ళు చెయ్యి దించుతారు.

మొన్నటి సంస్మరణ సభలో అందరూ మేడంను మెత్తటి మాటల మనిషి అన్నారు. నా వంతు వచ్చినప్పుడు, "మేడం మృదుభాషిణి కాదు, ఆ మాట తుడిచెయ్యండి, ఆ రంగు కూడా" అన్నాను. ముందు వరుసలో ఎవరో ఇబ్బందిగా దగ్గారు. వెనక వరుసలో పుష్ప ఒక్కతే చప్పట్లు కొట్టింది. సభ అవగానే ఇద్దరం ఫ్లెక్సీ దుకాణానికి వెళ్ళాం. కాలేజీ డే నాటి ఫోటో ఇచ్చాను: ఒక పక్క అరుస్తున్న మేడం, నలుపు నలుపుగానే, ఇంకో పక్క నోరంతా తెరిచి నేను. కంప్యూటర్ ముందున్నతను ఫోటోను పెద్దది చేసి, నన్ను అడగకుండానే, అలవాటు కొద్దీ నా పళ్ళ మీద తెల్లరంగు లాగడం మొదలుపెట్టాడు.

"ఆపు" అన్నాను. "ఏదీ మార్చకు. ఆమె రంగు గూడ."

అతను కుర్చీ తిప్పి నా ముఖం చూశాడు, తర్వాత తెర చూశాడు.

"అందరు గిట్లనే చేయించుకుంటరు మేడం."

"అయితే?"