గంజి లేని నాడా

మా చిన్నమ్మ నాగక్కకు గంజి పట్టించని నూలంటే ఒళ్లుమంట. ఆమె మగ్గం ఎక్కే ప్రతి పోగూ ముందు గంజిలో మునగాల్సిందే. అలాంటి మనిషి ఒక పాత ట్రాక్టరును బాగుచేసిన సంగతి చెబుతాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు, నందికొట్కూరు పక్క మా ఊరి ఆసామి దేవేంద్రప్ప మిలిటరీ వేలంలో ఆ ట్రాక్టరు కొన్నాడు. గరిక పట్టిన రేగడి చేలు దున్నించాలని అతని ఆశ. పటాలంలో లారీలు తోలి వచ్చిన మా చిన్నాయన తిమ్మన్న దానికి డ్రైవరు. ఇంజనును లేపే సెల్ఫు మోటారు చచ్చి ఊరుకుంది కాబట్టి రోజూ ముందు నిలబడి హ్యాండిలు తిప్పేవాడు. ఒకనాడు ఆ హ్యాండిలు వెనక్కి తన్ని అతని కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ పట్టు రాలేదు. ఆ చేత్తో మగ్గం నేయలేడు, హ్యాండిలు తిప్పలేడు. స్టీరింగు మాత్రం పట్టుకోగలడు. సెల్ఫు బాగైతేనే అతని పని ఉంటుంది, లేకుంటే వేరే మనిషిని పెట్టుకుంటానని ఆసామి చెప్పేశాడు. అరుగు మీద కూర్చుని చెయ్యి చూసుకునే మొగుణ్ణి చూస్తే చిన్నమ్మ మగ్గం ఆపేసేది.

తిమ్మన్న సెల్ఫు విప్పించి చూశాడు. లోపలి రాగి చుట్లకు కట్టిన గుడ్డ మాడిపోయి, రాగి ఇనుముకు తగిలి షార్టవుతోంది. కొత్తది దొరికే కాలం కాదు.

"ఏమ్మే, వేలెడు వెడల్పు నాడా నేసిస్తావా? చుట్టి లక్క వార్నీషు పోద్దాం," అన్నాడు.

చిన్నమ్మ చీర నేసినంత ముచ్చటగా నేసింది. అతను చెబుతుంటే తనే చుట్టింది. అంతా బిగించి మీట నొక్కితే సెల్ఫు మూలిగి, పొగ కక్కి, ఆగిపోయింది.

"ఇంగ చాలప్పా. సోమవారం కొత్తాయన వస్తాండాడు," అన్నాడు దేవేంద్రప్ప.

అందరూ వెళ్లాక నాగక్క సెల్ఫు దగ్గర ముక్కు పెట్టింది. "ఇది గంజి మాడిన వాసన గదయ్యా!"

విప్పితే నిజమే. కరెంటును ఆపాల్సిన లక్క గంజి పట్టిన పోగుల్లోకి దిగలేదు, పైపైనే నిలిచింది. ఆమె అలవాటుకొద్దీ పడుగుకు గంజి పెట్టింది. నేతగాళ్ల ఇంట్లోనే పుట్టిన తిమ్మన్నకూ వద్దని చెప్పాలని తోచలేదు.

"నీ పని నేనే పోగొడితి," అని ఏడ్చింది.

"ఊరుకోమ్మే. నాకు మాత్రం తెలిసిందా? గంజి లేకుండా నెయ్యి. తెగితే నేనుండా గదా."

గంజి లేని నూలు మాట వింటుందా? జానెడు నేసేలోపు పదిచోట్ల తెగేది. తెగిన కొస అతను ఎడమ చేత్తో పట్టుకుంటే ఆమె ముడి వేసేది. పెళ్లయ్యాక వాళ్లు అంతసేపు పక్కపక్కన కూర్చున్నది అప్పుడేనని మా అమ్మ నవ్వేది. ఆ నాడా ఎంత వికారంగా వచ్చిందంటే, మా ఇళ్లలో దూడను కట్టడానికి కూడా సిగ్గుపడతారు. లక్కను మాత్రం గటగటా తాగింది.

సోమవారం కొత్త డ్రైవరు వచ్చి నిలబడే ఉన్నాడు. తిమ్మన్న ఎక్కి మీట నొక్కాడు. ఇంజను ఒక్క కుదుపు కుదిపి అందుకుంది.

"యా ఊరి మేస్త్రీని పిలిపిస్తివప్పా?" అని అరిచాడు దేవేంద్రప్ప.

మా వైపు మగవాళ్లు నలుగురిలో పెళ్లాం పేరు పలకరు. "మా ఇంట్లో" అని నసిగి ఊరుకుంటారు. తిమ్మన్న ఇంజను మోతను మించి గొంతెత్తాడు.

"నాగక్క! నాగక్క చేసిందప్పా!"

గుంపు వెనక నిలబడిన చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.