పెద్దమ్మ వరిదుబ్బు, మా రెండు లెన్సులు

ఆ రోజుల్లో నా బుర్రలో రెండే అంకెలు తిరుగుతుండేవి: ఒకటి పాయింట్ ఎనిమిది, ఒకటి పాయింట్ నాలుగు. డిగ్రీ అయిపోయి, మెదక్ బస్టాండు దగ్గర ఒక ఫోటో స్టూడియోలో పనికి కుదిరి నాలుగు నెలలైంది. లెన్సు లోపల వెలుతురు దూరే కంత ఒకటుంటుందనీ, దాని అంకె ఎంత చిన్నదైతే కంత అంత పెద్దదనీ తెలిసిన నాటి నుంచి నేను మనుషుల్లో లేను. (ఈ తలకిందుల లెక్క ఎవరు పెట్టారో గాని, లెక్కల్లో అత్తెసరు మార్కులవాణ్ణి, నాకు వెంటనే ఎక్కింది.) కంత పెద్దదైతే వెనకున్నదంతా వెన్నలా కరిగిపోయి ముందున్నది మాత్రం తళుక్కుమంటుంది. నాది కొత్తగా కొన్న 1.8 లెన్సు. స్టూడియో యజమానిది, అంటే ఊరంతా చాచా అని పిలిచే పెద్దమనిషిది, రీలు కెమెరాల నాటి 1.4. రెండూ యాభై ఎమ్మెమ్ మామూలు లెన్సులే. కానీ చిన్న వస్తువును దగ్గర నుంచి తీయాలంటే ఏది గొప్ప? గిరాకీ లేనప్పుడల్లా ఇదే మా పంచాయితీ. మల్లెమొగ్గ, చీమ, చాచా ఉంగరం, చివరికి నా మోచేతి మీది పుట్టుమచ్చ కూడా తీసి పోల్చి చూశాం.

"నీది బచ్చా లెన్సు బేటా. నాది ఉస్తాద్," అనేవాడు చాచా.

"ఉస్తాద్‌కు చత్వారమొచ్చింది చాచా," అనేవాణ్ణి నేను.

వరి పొట్టకొచ్చే రోజుల్లో ఒక పొద్దున, పాపన్నపేట నుంచి మా పెద్దమ్మ (అమ్మకు అక్క) షేరాటో దిగి బకెట్టుతో స్టూడియోలోకి వచ్చింది. బకెట్లో వేళ్లతో సహా పెకిలించిన వరిదుబ్బు, పైన పలచటి గుడ్డ కట్టి ఉంది.

"కొడుకా, జల్ది దీని ఫోటో తియ్యి. దుబ్బు అడుగున పురుగులు చూసినవా? దోమపోటు అంటున్నరు అందరు, గోధుమరంగు దోమ వరి రసం పీలుస్తదట. మందు కొట్టెటోడు పంపు యేసుకొని ఒడ్డు మీద కూసున్నడు. వ్యవసాయం మేడమ్‌కు ఫోన్ చేస్తే, ముందుగాల ఫోటో పంపున్రి, నేను చెప్పెదాక కొట్టకున్రి అన్నది. నా ఫోన్ల తీస్తే అంత మసక మసకనే."

"ఇది ఫోన్‌తో అయ్యే పని కాదు పెద్దమ్మా," అన్నాను. నా ఛాతీ ఎంత పొంగిందో చెబితే ఇప్పుడు నాకే సిగ్గు. పాస్‌పోర్టు ఫోటోల స్టూలు మీద బకెట్టు పెట్టి గుడ్డ విప్పాం. అదే అదనుగా నాలుగైదు పురుగులు ఎగిరి నీలం పరదా మీద వాలాయి. "యా అల్లా! వీళ్లకు గూడ పాస్‌పోర్టు ఫోటోలు కావాల్నా?" అన్నాడు చాచా.

మా రెండు లెన్సులకూ ఒకటే రోగం, మూరెడు దూరం కన్నా దగ్గరికి జరిగితే ఏదీ స్పష్టంగా చూపించవు. అందుకని కెమెరాకూ లెన్సుకూ మధ్య ఒక ఖాళీ రింగు బిగించి జానెడు దూరానికి వెళ్లాం. కంత పూర్తిగా తెరిచి నేనొకటి తీశాను, చాచా ఒకటి తీశాడు. కంప్యూటర్లో చూస్తే ఆహా అనిపించింది. ఒక్క గోధుమరంగు పురుగు, దాని కాలి నూగు కూడా లెక్కపెట్టవచ్చు. మిగతా దుబ్బంతా పొగమంచు. నా దాంట్లో రెండో కాలు కూడా కాస్త తేరుకుంది, చాచా దాంట్లో ఒక్క కాలే. ఏది గొప్పదో తేలక రెండూ మేడమ్‌కు పంపాం.

ఐదు నిమిషాల్లో మేడమ్ ఫోన్. స్పీకర్లో పెట్టాను. "ఫోటోలు మస్తున్నయి. క్యాలెండర్‌కు పనికొస్తయి. కానీ నాకు ఒక్క దోమనే కనబడుతుంది. వెనక మసకల చుక్కలున్నయి గదా, అవేంటివి?"

"ఇంకేంటియి మేడమ్, అన్నీ గవే. కొట్టుమని చెప్పేస్త," అంది పెద్దమ్మ.

"తొందరపడకున్రి అమ్మా. దోమను తినే పురుగులు గూడ దుబ్బుల్లనే ఉంటయి. మందు కొడితే ముందు అవే చస్తయి. సాఫ్‌గ కనబడేటట్టు ఇంకొకటి పంపున్రి," అని పెట్టేసింది.

నా చెయ్యి వణికిందని చాచా, ఆయన లెన్సుకు బూజు పట్టిందని నేను. ఈలోగా మందు కొట్టే ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. పెద్దమ్మ ఓపిక అయిపోయింది.

"పొద్దుట్నుంచి చూస్తున్న. నా కంత పెద్దదంటే నా కంత పెద్దదని ఇద్దరు ఒకటే కొట్లాట. జర చిన్నగ చెయ్యరాదా? సూదిల దారం ఎక్కిచ్చెటప్పుడు నేనైతే కన్ను గిట్ల చిన్నగ చేస్త," అని కళ్లు చికిలించి చూపించింది.

కంత చిన్నదైతే ముందూ వెనకా అన్నీ స్పష్టంగా వస్తాయని కెమెరాతో వచ్చే పుస్తకంలో మొదట్లోనే ఉంటుంది. మా ఇద్దరికీ తెలుసు. ఎవరి కంత పెద్దదో తేల్చుకునే యావలో, పదకొండు అనే అంకె ఒకటుందన్నదే మరిచిపోయాం. ఇద్దరం అంకెను పదకొండుకు తిప్పాం, చిన్న కంతకు వెలుతురు చాలదు గనుక చాచా వెళ్లి రెండు ఫ్లాష్ లైట్లూ వెలిగించాడు.

ఈసారి వచ్చిన ఫోటోల్లో అందం లేదు. బురద, ఎండిన ఆకుల మరకలు, బకెట్టు అంచు పగులు, అన్నీ ఉన్నాయి. కాండం చుట్టూ పురుగులూ ఉన్నాయి, గోధుమరంగువి కొన్ని, ఆకుపచ్చవి బోలెడు. ఏ ఫోటో ఎవరి లెన్సుదో మాకే తెలియలేదు. రెండూ పంపాం.

"ఆకుపచ్చయి మిరిడ్ నల్లులు. దోమను తినేటియి గవే," అంది మేడమ్. "మందు వద్దు. మడిల నీళ్లు తీసి ఆరబెట్టున్రి. మూడు రోజులకు మళ్ల చూద్దం."

పెద్దమ్మ వెంటనే పొలానికి ఫోన్ కలిపింది. "ఓ తమ్మీ, పంపు దించి ఇంటికి పో." తర్వాత నీలం పరదా మీద వాలిన ఆకుపచ్చ పురుగులను ఒక్కొక్కటే గుడ్డతో పట్టి బకెట్లో వేసుకుంది. "నా పొలంల పనిచేసెటియి, గీడ ఇడిసిపెట్టిపోతనా?" అంటూ. ఆ పంట నిలబడింది. మందు చుక్క పడలేదు.

ఇప్పుడు నాకూ సొంత స్టూడియో ఉంది. లెన్సు కొనే ముందు సలహా కోసం వచ్చేవాళ్లను, "ముందు ఏం తీస్తవో చెప్పు," అని పెద్దరికంగా అడుగుతుంటాను. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు గనుక నిరుడు 1.2 కొనేశాను. దానితో ఇంతవరకు మా ఇంటి పిల్లి మీసం ఒక్కటి, నిజంగా ఒక్కటే, స్పష్టంగా వచ్చింది. అయినా పని లేని మధ్యాహ్నాల్లో దాన్ని డబ్బాలోంచి తీసి, ఆ పెద్ద గాజుకన్నులోకి చూస్తూ కూర్చుంటాను. "ఎన్నిసార్లు తుడుస్తవ్ దాన్ని?" అంటుంది మా ఆవిడ. దుమ్ము పడిందంటాను.