ఎలుకకిచ్చిన మర్యాద

భయం తగ్గించే మందు కోసం ముప్పై ఏళ్లు పాటుపడి, ఆ మందు తప్ప మిగతావన్నీ కనిపెట్టిన మనిషి ఆవిడ. పరిశోధనాలయంలో అందరూ ఎలుకల మేడమ్ అంటారు. ఎదురుగా అనరు గాని, ఆవిడకు తెలుసు.

ఆ మందు ఎవరి కోసమో చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. అక్క కోసం. అక్క నోటికి జడిసి పాలవాడు నీళ్లు కలపడం మానేశాడు. అలాంటి అక్క గేటు దాటదు. గేటు దగ్గరికి వచ్చేసరికి చేతులు చల్లబడతాయి, గుండె దడదడలాడుతుంది, ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి తిరుగుతుంది. వయసులో ఉండగా పట్టుకున్న భయం మరి వదల్లేదు. డాక్టర్లు ఇచ్చిన మందులకు నిద్ర వచ్చింది గాని ధైర్యం రాలేదు. చెల్లెలు కనిపించినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

"ఏమే, నా మాత్ర తయారైందా?"

మాత్ర తయారు కావాలంటే ముందు ఎలుకలు ఒప్పుకోవాలి. బల్ల ఎత్తున, కూడలిలా నాలుగు చెక్కలు అమర్చి ఉంటాయి. రెండింటికి గోడలుంటాయి, రెండింటికి ఉండవు. భయమున్న ఎలుక గోడల మధ్య నక్కుతుంది, భయం తీరినది బయటి చెక్క మీదికి వస్తుంది. మేడమ్ మందు ఎక్కించిన ఎలుకలు దర్జాగా బయటికొచ్చి షికారు చేశాయి. ఆవిడ పొంగిపోయింది. తీరా చూస్తే, పోలిక కోసం ఉత్త ఉప్పునీళ్లు ఎక్కించినవీ అంతే దర్జాగా షికారు చేస్తున్నాయి. ఆవిడ సెలవులో ఉన్నప్పుడు తోటి శాస్త్రవేత్త ఒకాయన అదే ప్రయోగం చేస్తే రెండు రకాలూ గోడల మధ్యే నక్కాయి. తేడా మందులో లేదు, చేతిలో ఉంది. ఆయన అందరిలాగే తోక పట్టి ఎత్తేవాడు. ఈవిడ అరచెయ్యి పరిచి, ఎలుక తనంతట తాను ఎక్కేదాకా కూర్చునేది.

మందు అటకెక్కింది. ఆవిడ మనసు విరిగి, ఎలుకను ఎలా పట్టుకోవాలో నాలుగు పేజీల పేపరు రాసి ఊరుకుంది. పేపరు ఊరుకోలేదు. ఎక్కడెక్కడి వాళ్లో తమ పేపర్ల అడుగున ఆవిడ పేరు వేసుకోవడం మొదలుపెట్టారు. దాన్ని సైటేషన్ అంటారు, శాస్త్రవేత్తలకు ఆస్తీ అంతస్తూ అదే. భయం మందుల మీద ఎందరో పేరు తెచ్చుకున్నారు, 'ఎలుకలను ఈవిడ చెప్పినట్టే పట్టుకున్నాం' అని ఒక్క ముక్క రాసి. డైరెక్టరు సభ పెట్టి పొగిడాడు.

"ఇన్ని సైటేషన్లు మన సంస్థలో ఇంకెవరికీ లేవు. ఇంతకీ మేడమ్, మీ మందు పేరేమిటి?"

"పేరు పెట్టేదాకా బతకలేదండీ."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడకు ఏడుపొచ్చింది.

ఈలోగా అక్క కళ్లలో శుక్లాలు ముదిరాయి. ఇంకా ఆలస్యమైతే చూపు దక్కదని, ఆపరేషన్‌కు ఆసుపత్రికి తీసుకురావాల్సిందేనని కళ్ల డాక్టరు తేల్చేశాడు. మేడమ్ కారు పిలిచింది. బతిమాలింది, కోప్పడింది, చివరికి జబ్బ పట్టి లాగింది. అక్క గేటు ఊచలు వదల్లేదు. కారు వెళ్లిపోయింది.

సాయంత్రం, అలిగి కూర్చున్న అక్కను మంచి చేసుకుందామని సభ సంగతి ఎత్తింది.

"అంతమంది రాసుకునేంత గొప్ప ముక్క ఏం రాశావే? చదువు, నాకెలాగూ కనపడదు."

మేడమ్ చదివింది. వెంటపడి పట్టుకోకూడదు. లాగకూడదు. చెయ్యి చాపి ఉంచాలి. తనంతట తానే వచ్చేదాకా ఆగాలి. రాకపోతే ఆ రోజుకు వదిలెయ్యాలి.

అక్క జబ్బ మీద కందిన చోట రాసుకుంది.

"ఎలుకకి ఇంత మర్యాద చేసేదానివి, నన్నెందుకే తోక పట్టి లాగావు?"

మేడమ్ ఇన్నేళ్లుగా గేటు దగ్గర లాగుతూనే ఉంది. సిగ్గుతో చచ్చిపోయింది.

మర్నాడు పొద్దున గేటు తెరిచి, అవతల కుర్చీ వేసుకుని, ఒళ్లో అరచెయ్యి పరుచుకుని కూర్చుంది. రమ్మనలేదు. "పనీ పాటా లేదూ?" అని అక్క లోపలికి పోయింది. ఆ మర్నాడూ అంతే. వీధిలో వాళ్లు అడిగితే ఎండ కాచుకుంటున్నానంది. సెలవు చీటీలో కారణం 'ప్రయోగం' అని రాసింది. కొన్నాళ్లకు అక్క గేటు దాకా వచ్చి, నిలబడి, తిట్టి వెళ్లింది. మరి కొన్నాళ్లకు తిట్టకుండా నిలబడింది. ఒక పొద్దున తడుముకుంటూ గేటు దాటి, చల్లటి చెయ్యి ఆ అరచేతిలో పెట్టింది. చెల్లెలు వేళ్లు ముయ్యలేదు.

"కారు పిలువు," అంది అక్క. "హారన్ కొట్టొద్దని చెప్పు."

ఆపరేషన్ బాగా జరిగింది. ఒకే ఒక్క ప్రాణి మీద చేసిన ప్రయోగాన్ని ఏ పత్రికా వేసుకోదు కాబట్టి మేడమ్ ఎవరికీ పంపలేదు. కొత్త కళ్లద్దాలు వచ్చిన రోజు అక్క ఆ నాలుగు పేజీలూ తెప్పించుకుని, చివరి పేజీ అడుగున వరసగా ఉన్న పేర్ల మీద వేలు నడిపింది.

"ఊళ్లో వాళ్లందరి పేర్లూ ఉన్నాయి. నా పేరేదే?"

మేడమ్ పెన్ను తీసి, అన్ని పేర్ల కిందా 'అక్క' అని రాసి ఇచ్చింది. అక్క కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఆ ఒక్క మాటా నిదానంగా చదువుకుంది.

"పెద్దదాన్ని," అంది. "పైన రాయాలి."