వాళ్లకు కిరాయి ఇల్లు

యూనివర్సిటీ క్యాంపస్‌లో బస్సెక్కి, వెబ్‌సైట్ పెట్టుకోవడానికి చౌకగా వీపీఎస్ సర్వర్ కిరాయికిచ్చే కంపెనీల కోసం ఫోన్‌లో వెతుకుతున్నాను. పాత కంపెనీవాళ్లు చెప్పాపెట్టకుండా మా చర్చి సంఘం సైట్ మొత్తం తుడిచేశారు. చనిపోయిన పాస్టరయ్యగారి ప్రసంగాలన్నీ అందులోనే ఉండేవి. సంఘస్థుల ఫోన్లలో కొన్నే మిగిలాయి.

ఒళ్లో లాప్‌టాప్ సంచితో పక్కన కూర్చున్న అమ్మాయి నా ఫోన్‌లోకి తొంగిచూసింది.

"చౌకది తీస్కుంటే తీస్కోండ్రి గానీ అక్కా, బ్యాకప్ వేరే దగ్గర పెట్టుకోండ్రి. ఇంతకీ ఏం పెడ్తరు గాడ?"

"మా పాస్టరయ్య ప్రసంగాలన్నీ పాత కంపెనీవాళ్లు తుడిచేసిండ్రు. ముందుగాల ఆ దొంగల పరువు తీసే పేజీ. వాళ్ల పేరు ఎవరు వెతికినా గదే రావాలె."

"మరి ప్రసంగాలు?"

"తర్వాత."

ఆమె పకపకా నవ్వింది. "అంటే నెలనెలా కిరాయి మీరు కట్టి, ఇల్లు వాళ్లకిస్తున్నరన్నట్టు!"

నాకు ఒళ్లు మండింది. ఆమె తార్నాకలో దిగిపోయింది.

ఆ సాయంత్రమే సర్వర్ తీసుకుని, మిగిలిన ప్రసంగాలు ఎక్కించాను. బ్యాకప్ వేరేచోట పెట్టాను. ఆ పేజీ రాయలేదు.

వాళ్లను క్షమించానని కాదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మేమంతా ఒకేసారి గొంతెత్తి ఎవరి మొర వాళ్లం పెట్టుకుంటాం. ఆ హోరులో ఇప్పటికీ ఆ పాత కంపెనీ పేరు చెప్పి దేవుణ్ని తీర్పు అడుగుతున్నాను. అక్కడ కిరాయి లేదు.