ఆలస్యంగా వచ్చే నవ్వు

అమెరికాలోని ట్రాయ్‌లో కార్ల రొద తగ్గించే ఇంజనీరు సుభాషిణి, శనివారాలు పాత రేడియో రికార్డులు శుభ్రం చేస్తుంది. ఎనభై ఏళ్ల కిందట ఒక హాల్లో జనం మధ్య జరిగిన కంట్రీ మ్యూజిక్ షోలవి: ఫిడేలు, బాంజో, పిండి కంపెనీ ప్రకటన, హాస్యగాడి జోకు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్లు మూసుకుని, బియ్యంలో రాళ్లు ఏరినట్టు గరగరలన్నీ ఏరేస్తుంది. ప్రతి షోలోనూ హాలంతా నవ్వి ఊరుకున్నాక, ఒక ఆడమనిషి నవ్వు ఒంటరిగా వినిపిస్తుంది. “అదీ నాయిసే కదా, డిలీట్ చేసెయ్,” అన్నాడొకసారి భర్త రఘురామ్. “నాయిస్ కాదండీ, మనిషి. జోకుని తన భాషలోకి మార్చుకుని అప్పుడు నవ్వుతోంది, పాపం.” ఆఫీసు మీటింగుల్లో ఇన్నేళ్లుగా సుభాషిణి నవ్వేదీ అలాగే, అందరూ నవ్వేశాక.

ఈ శనివారం కొత్త రికార్డులో జోకు అయింది, హాలు నవ్వింది, ఊరుకుంది. ఆ నవ్వు రాలేదు. తర్వాతి వారం షో పెట్టింది, ఆపై వారానిదీ పెట్టింది. ఎక్కడా లేదు. ఫిడేలు మొదలయ్యేలోపు ఆ కాస్త ఖాళీ మాత్రం ఎప్పటిలాగే ఉంది. సుభాషిణి వెనక్కి తిప్పి, జోకు నుంచి మళ్లీ విన్నది. “ఎవరొచ్చారు? ఎవరు నవ్వింది?” వంటింట్లోంచి రఘురామ్ కేకేశాడు. అప్పటిదాకా ఆ నవ్వు తన నోట్లోంచే వచ్చిందని ఆమెకు తెలియలేదు.