కోడలి డ్రాయింగుకు నేను కొట్టిన రఫ్ఫు

జెర దగ్గరికి జరిగి కూసోండ్రి. చాయ్ ఇప్పుడే పొయ్యి మీద వెట్టిన. అది మసిలే లోపట నా తెలివి ఎంతటిదో చెప్పి ముగిస్త. నవ్వొస్తె ఆపుకోకుండ్రి, మా ఇంట్ల ఎవ్వరు ఆపుకోరు.

నేను చదివింది ఐదో తరగతి, అది గూడ సగమే. కానీ జాకెట్లు కుట్టవట్టి ముప్పై ఏండ్లయితున్నది. ఇస్నాపూర్ల మా గల్లీల నా చేతి జాకెట్ తొడగని ఆడిది లేదు. బట్ట మీద చాక్‌పీసు వెట్టి గీస్తె నా గీత వంకర పోదు. గా గర్వమే కొంప ముంచింది. నా కొంప గాదు, మా కోడలిది.

కోడలు మందుల కంపెనీల ప్యాకింగ్ పని చేసేది. పొద్దంత నిలవడే పని. ఇంటికొచ్చేసరికి కాళ్లు ఉబ్బి చెప్పులల్ల వట్టకపోయేటియి. గందుకని పటాన్‌చెరుల ఆరు నెలలు కంప్యూటర్ మీద డ్రాయింగ్ నేర్సుకున్నది. ఇంట్ల పాత ల్యాప్‌టాప్ ముంగట కూసోని గీస్తుంటె, నేను కుట్టుమిషన్ కాడికెళ్లి ఎగతాళి చేసేదాన్ని.

"గీత గియ్యనీకె గింత పెట్టెనా పిల్లా? నా చాక్‌పీసు తెచ్చియ్యాల్నా?"

"చూడత్తమ్మా, ఈడొక చుక్క, ఆడొక చుక్క నొక్కితె లైన్. నడిమిట్ల నొక్కి ఎంత వెడల్పో చెప్తె సర్కిల్. మూడు చుక్కలు వెడితె ఆర్క్."

ఆర్క్ నాకు చిటికెల సమజయింది. జాకెట్‌కు మెడ తీసేటప్పుడు మేం చేసేది గదే. ఈ భుజం, ఆ భుజం, కింద లోతు. మూడు తావుల గుర్తు వెట్టి కలిపితె మెడ. "గిదేనా! గిది నేను నీ పెండ్లికి ముందే నేర్సుకున్న" అన్న. ఆ దినం నుంచి నాకు గూడ డ్రాయింగ్ వస్తదని ఇంటింటికి చెప్పుకుంట తిరిగిన.

భానూర్ దిక్కు పోయే తొవ్వల ఒక షెడ్డుంది, ఇనుప సామాన్లు చేస్తరు. కోడలు పోయి ఆడ డ్రాయింగ్ పని అడిగింది. "నువ్వు గీసింది ఒకటి కాయితం మీద తీస్కరా, చూసి చెప్త" అన్నడు ఆ షెడ్డు సేటు. కుదిరితె కూసోని చేసే పని. కుదరకపోతె సోమవారం నుంచి మళ్ల ప్యాకింగ్ల నిలవడుడే.

కోడలు ఒక ఇనుప దిమ్మె బొమ్మ గీసింది. పైకెళ్లి చూస్తె ఎట్లుంటదో ఒకటి, పక్కకెళ్లి చూస్తె ఎట్లుంటదో ఒకటి. జిరాక్స్ షాపుల ప్రింట్ తీసి, ప్లాస్టిక్ కవర్ల వెట్టి టీవీ మీద వెట్టింది. పొద్దుగాల ఆమె స్నానానికి పోంగనే నేను కాయితం తీసి చూసిన.

చూస్తె ఏమున్నది? గీతలు తెగి తెగి ఉన్నయి! కొన్ని మంచిగున్నయి, కొన్ని మాత్రం చిన్న చిన్న ముక్కలు. పై బొమ్మల గుండ్రాలు గీసింది, వాటి నడిమిట్ల ఉన్నయి అయితె మరీ అన్యాలం, ఒక ముక్క పొడుగు, ఒక ముక్క పొట్టి. దారం సరిగ్గ ఎక్కకపోతె మిషన్ కుట్టు గట్లనే దాటుకుంట పోతది. జిరాక్సోని దగ్గర ఇంకు అయిపోయింది, పాపం పిల్ల చూసుకోలే, అనుకున్న.

స్కేలు తీసిన. నల్ల పెన్ను తీసిన. తెగిన గీత ఒక్కటి గూడ మిగలకుండ కలిపిన. చెయ్యి వణకలే. ఏది మిషన్ గీసిందో, ఏది నేను గీసిందో దేవుడు గూడ చెప్పలేడు. కాయితం మళ్ల కవర్ల వెట్టిన, కోడలికి చెప్పలే. పని దొరికినంక చెప్పి మెప్పు పొందుదామని దాసుకున్న. "తోడొస్త పా" అని నేను గూడ ఆటో ఎక్కిన.

షెడ్డుల కోడలు కవర్లకెళ్లి తీసి కాయితం చేతికిచ్చింది. సేటు అద్దాలు పైకి జరిపి చూసిండు, కిందికి జరిపి చూసిండు.

"ఏమ్మా, గీ గుండ్రాలేంది? స్క్రూ తలలా?"

"హోల్స్ సార్" అనుకుంట కోడలు వంగి చూసింది. మొకం తెల్లవోయింది.

"హోలు నడిమిట్ల గింత గట్టి ప్లస్ గుర్తు ఎవలన్న గీస్తరా? పక్క బొమ్మల గీ రెండు గీతలేంది? గిది ఇస్తె మా మిషన్ మనిషి దిమ్మె పైన గాడి కోస్తడు. దిమ్మె పారేసుడే. ఆరు నెలలు నేర్సుకున్నది గిదేనా?"

కోడలు కాయితం చూసింది. నా వేళ్లకంటిన నల్ల ఇంకు చూసింది. తల వంచుకొని "తప్పయింది సార్, నేనే చూసుకోలే" అన్నది.

ఆమె కాళ్ల దిక్కు చూసిన. ఇగ నోరు ఆగలే.

"ఆమె గాదు సార్, నేను. గీతలు తెగి ఉంటె నేనే నింపిన. ఇంకు అయిపోయిందనుకున్న. నేను టైలర్‌ను."

సేటు నన్ను కింది నుంచి మీది దాక చూసిండు. "చిరిగిన ప్యాంటుకు రఫ్ఫు కొట్టుడు చూసిన. డ్రాయింగుకు రఫ్ఫు కొట్టినోళ్లను గిప్పుడే చూస్తున్న" అన్నడు. కానీ నవ్వలే. "ఇద్దరు ఇంటికాడ మాట్లాడుకొని వచ్చిండ్రేమో, నాకేమెరుక? అమ్మా, ఆ గీతలు ఎందుకు తెగి ఉండాల్నో మీ అత్తకు చెప్పు. ఆమెకు సమజయితె నీకు పని వచ్చినట్టు."

కోడలు నా దిక్కు తిరిగింది. "అత్తమ్మా, జాకెట్‌కు లైనింగ్ ఏస్తవు గద. పైకి కనవడ్తదా?"

"కనవడది."

"ఉన్నదా లేదా?"

"లేకుంటె జాకెట్ ఎట్ల నిలవడ్తది?"

"గట్లనే హోలు దిమ్మె లోపల ఉన్నది. పక్కకెళ్లి కనవడది. కనవడకున్నా ఉన్నదని చెప్పనీకె తెగిన గీత. గుండ్రం నడిమిట్లది అయితె ఇనుము మీద ఉండనే ఉండది. నువ్వు కొలతకు బట్ట మడిచి నడిమిట్ల గోరుతోని గీరుతవు సూడు, గది."

"ఓ పిల్లా! గోరు గీరిన తావుల దారం ఏసి కుట్టిన్నా నేను!"

అప్పుడు నవ్విండు సేటు. నవ్వుకుంటనే కంప్యూటర్ ముంగటి కుర్చీ జరిపి, "కూసో. గదే బొమ్మ మళ్ల గియ్యి. మీ అత్తను మాత్రం జెర దూరం నిలవెట్టు" అన్నడు. కోడలు గీసింది. నేను తలుపు కాడ నిలవడి, తెగిన గీతలు వడ్తుంటె చేతులు వెనకకు కట్టుకున్న.

సోమవారం నుంచి రమ్మన్నడు.

తిరిగొస్తుంటె ఆటోల కోడలు మెల్లగ అన్నది, "అత్తమ్మా, ఇంకోసారి నా కాయితం జోలికొస్తె నీ జాకెట్ల కాజాలన్ని కుట్టి మూస్త."

ఇగ చాయ్ మసిలింది, తాగి పోండ్రి. మీ ఇంటి లైనింగ్ ఎన్నడు ఊడకుండ ఉండాలె. మీ కోడండ్లకు కూసోనీకె కుర్చీ దొరకాలె. మీ అత్తల చేతికి నల్ల పెన్ను దొరకకుండ ఉండాలె.