నాచమ్మ పిలుపు

గాయత్రి తాడేపల్లిగూడెంలో ఇంటి నుంచే ఉద్యోగం చేసేది. హైదరాబాదులోని ఒక చిన్న కంపెనీ నడిపే ఆన్‌లైన్ ఆటలో ఏ పాత్రకీ బలం మరీ ఎక్కువ కాకుండా, మరీ తగ్గకుండా చూడడం ఆమె పని. "ఫోన్లో ఆటలాడితే జీతమిస్తారటండీ!" అని పక్కింటివాళ్లు ఆశ్చర్యపోయేవారు.

ఆ ఆటలో రెండు జట్లు మంచు కమ్మిన సరస్సులో దోనెల మీద తిరుగుతూ పోరాడతాయి. అందులోని నాచమ్మ అనే పాత్రని కంపెనీకి ఇచ్చింది గాయత్రే. గాయత్రి పుట్టింది ఆకివీడు దగ్గర కొల్లేటి లంకలో. చిన్నప్పుడు మామ్మ గంగారత్నం చెప్పిన కథ అది. నీళ్లలో పడి చనిపోయిన నాచమ్మ, మంచు పట్టిన పొద్దుల్లో మన ఇంటివాళ్ల గొంతుతో మనల్ని పిలుస్తుంది. ఆ పిలుపుకి చిక్కినవాడు ఇంటికి తిరిగి రాడు.

ఆటలోనూ అలాగే పెట్టారు. నాచమ్మగా ఆడేవాడు పిలిస్తే, అది విన్న అవతలి జట్టువాడు మునిగిపోవలసిందే. కథకి తగ్గట్టుగానే ఉంది. కానీ నాచమ్మ ఎటుంటే అటే గెలుపు. ఇది ఆట కాదు, మోసం అని జనం తిట్టారు. గాయత్రి పిలుపు పదును తగ్గించింది. వినగానే గబగబా తెరని తడితే బయటపడొచ్చు. ఈసారి కథని ఇష్టపడేవాళ్లు మండిపడ్డారు. "నాచమ్మని దోమని చేశారు, దులుపుకుంటే పోతోంది" అని ఒకడు రాశాడు. ఆ మాట గాయత్రికి గుచ్చుకుంది. తన మామ్మ కథని తనే పాడుచేసినట్టనిపించింది.

"ఏదో ఒకటి తేల్చండి గాయత్రిగారూ. ఇటు వాళ్లూ పోతున్నారు, అటు వాళ్లూ పోతున్నారు" అన్నాడు కంపెనీ నడిపే హేమంత్‌కుమార్.

ఏం చెయ్యాలో తోచక, అసలు సిసలు మంచులో నీళ్ల చప్పుడు రికార్డు చేసుకొస్తే ఆటలో కాస్త భయమైనా మిగులుతుందని ఆమె ఊరికి వెళ్లింది. మర్నాడు పొద్దున్నే తండ్రి రామకోటి వల తీయడానికి వెళుతుంటే దోనె ఎక్కింది.

"మంచులో దాన్నెందుకురా తీసుకెళ్లడం?" అంది గంగారత్నం వాకిట్లోంచి.

"ఇట్టే వచ్చేస్తామే అమ్మా" అన్నాడు రామకోటి.

మనిషెత్తు కిక్కిస గడ్డి దుబ్బుల దగ్గరికొచ్చేసరికి తెల్లగా కమ్ముకుపోయింది. రామకోటి దోనెని ఒక కర్రకి కట్టి, వల చూసొస్తానని పాత చేపల చెరువు గట్టు మీదకి దిగి నడిచాడు. రెండడుగుల్లో కనబడకుండా పోయాడు. గాయత్రి రికార్డర్ ఆన్ చేసి కూర్చుంది. కాసేపటికి చూస్తే కర్ర లేదు. తాడు ఎప్పుడు ఊడిందో తెలియలేదు. దోనె ఎటో జరుగుతోంది. నీటి మీద తేలే గుర్రపుడెక్క దోనె అంచుకి రాసుకుంటున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

అప్పుడు వినిపించింది.

"గాయత్రీ..."

నాన్న గొంతే. కానీ నాన్న వెళ్లిన వైపు నుంచి కాదు, వెనక నుంచి.  ఆమె నోరు తెరవబోయి అరచేత్తో మూసుకుంది. చదివిన ఇంజినీరింగూ, చేసే ఉద్యోగమూ ఎక్కడికి పోయాయో తెలియదు. మామ్మ ఒళ్లో భయంతో ముడుచుకున్న పిల్లే మిగిలింది. మామ్మ మాట మొత్తంగా గుర్తొచ్చిందప్పుడు. విన్నవాడు పోతాడని కాదు మామ్మ చెప్పింది. పలికినవాడు పోతాడని.

పలక్కపోతే చాలు, ఏమీ కాదు. మళ్లీ పిలుస్తాడేమోనని చూసింది. పిలుపు రాలేదు. అది నిజంగా నాన్నే అయితే?

ఆ ఆలోచన మొదటి భయాన్ని మించిపోయింది. లేచి నిలబడింది.

"నాన్నా! ఇదిగో, ఇక్కడున్నాను!"

జవాబు లేదు. పలికేశానే అనుకుంది. అయినా గడ అందుకుని దోనెని ఆ వైపుకే తోసింది. కిక్కిసలోంచి ముందు ఒక చెయ్యి కనబడింది. గట్టు కుంగి, రామకోటి గుండెల దాకా బురదలో దిగబడి ఉన్నాడు. గట్టులోని విరిగిన కొయ్య పక్కటెముకల్లో పొడుచుకుంది. ఆమె గడ అడ్డం వేసి, చంకల కింద చేతులు పెట్టి, ఏడుస్తూ లాగింది.

ఆకివీడు ఆసుపత్రిలో కట్టు కట్టాక అడిగింది.

"ఒక్కసారే పిలిచావేం నాన్నా?"

"నేను పిలిచానా? నాకు గుర్తు లేదమ్మా. ఊపిరే ఆడలేదు."

 గాయత్రి బయటికొచ్చి రికార్డర్‌లో ఉన్నది వినకుండానే చెరిపేసింది.

ఇంటికొచ్చాక గంగారత్నం ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసింది. "మళ్లీ పిలిస్తే పలక్కే" అంది.

"మళ్లీ నాన్నే అయితే మామ్మా?"

 గంగారత్నం మనవరాలి తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

గాయత్రి తాడేపల్లిగూడెం తిరిగొచ్చి ఆట మార్చింది. దెబ్బతిన్న ఆటగాడు ఇక సొంత జట్టుని సాయానికి పిలవొచ్చు. నాచమ్మ పిలుపూ అదే గొంతుతో, అదే మాటతో వస్తుంది. నాచమ్మకి పలికితే చావు తప్పదు. పలక్కపోతే మనకేమీ కాదు, కానీ అక్కడ మనవాడు చచ్చిపోతుండవచ్చు. తెరని తట్టి తప్పించుకునే సదుపాయం తీసేసింది.

హేమంత్ తన స్నేహితుడితో కలిసి ఆడి చూశాడు. "వాడు నా పక్కనే కూర్చుని పిలిచాడండీ. అయినా పలకలేకపోయాను. వాడు చచ్చిపోయాడు, ఇంకా తిడుతున్నాడు" అన్నాడు. నవ్వుతూ చెప్పబోయాడు గానీ నవ్వు రాలేదు.

గెలుపోటములు మెల్లగా సమానమయ్యాయి. కథ పాడుచేశారని అరిచినవాళ్లు ఊరుకున్నారు. కొందరు మాత్రం ఇంత భయం మాకొద్దని ఆట మానేశారు. వాళ్లని ఆమె తప్పుపట్టలేదు.

రామకోటి పక్కటెముకల గాయం మాని మళ్లీ వలకి వెళుతున్నాడు. గాయత్రి ఊరెళితే ఒడ్డు దాకా వస్తుంది గానీ దోనె ఎక్కదు. ఆయన రమ్మనడమూ మానేశాడు.